తంజావూరు పోస్ట్‌మాస్టర్

1955 డిసెంబర్ 4, కర్నూలు

కాన్వెంటుకు పుస్తకం తిరిగి ఇవ్వడానికి వెళ్ళాను. ఇచ్చేసి ఎవరి కంటా పడకుండా వచ్చేద్దామనుకున్నాను. మెట్ల దగ్గర మదర్ పట్టుకుంది. కడపలో వాళ్ళ బడికి చిన్న తరగతుల టీచరు కావాలట. జూన్‌లో చేరాలి. ఉండడానికి గది ఇస్తారు, చదువుకోవడానికి పుస్తకాల హాలు ఉంది, నీ పేరు చెప్పాను అంది.

"మా నాయనకు చూపు లేదు మదర్. సాయంత్రం పేపరు చదివిపెట్టేది నేనొక్కదాన్నే. నేను పోతే ఆయనకు ప్రపంచంలో ఏం జరుగుతున్నదీ తెలియదు" అన్నాను.

ఆ బడిలో ఎనిమిదేళ్ళు చదివాను. ఇంత పొడుగు మాట ఎప్పుడూ మాట్లాడలేదు. వద్దు అని చెప్పడానికైతే నాకు భాష బాగా వస్తుంది.

మదర్ నవ్వి "ఎండాకాలం దాకా చూద్దాం రత్నమణీ" అంది.

చూడ్డానికి ఏముంది?

ఇంట్లో చెప్పలేదు. చెప్పడానికి మాత్రం ఏముంది?

డిసెంబర్ 5

ఆ పుస్తకాల బీరువాలకు అద్దాల తలుపులట. ఊరికే రాస్తున్నాను.

డిసెంబర్ 11

మా సాయంత్రపు సభ గురించి ఒకసారి రాసిపెట్టుకోవాలి. ముసలిదాన్నయ్యాక చదివి నవ్వుకోవచ్చు. ఇప్పటికే సగం ముసలిదాన్ని. నాకు తెలిసిన స్నేహితులందరూ అరవై దాటినవాళ్ళే.

నాయన రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఊళ్ళో అందరికీ శేషిరెడ్డి సారు. రెండు కళ్ళలోనూ శుక్లాలు. కుడికన్ను బాగా పండింది, ఆపరేషన్ చేయించుకోమని పెద్దాసుపత్రి డాక్టరు రెండేళ్ళుగా చెబుతున్నాడు. చలికాలంలో పుండు మానదట, ఎండాకాలంలో చెమట పడుతుందట, వానాకాలంలో చీము పడుతుందట. నాయన లెక్కలో ఏడాదికి ఇంకో కాలం ఉంటే తప్ప ఆ కన్ను బాగుపడదు.

సాయంత్రం వసారాలో మూడు కుర్చీలు వేస్తాను. ఒకటి నాయనకు. ఒకటి తిమ్మయ్య మామకు. గుంతకల్లులో రైల్వే గార్డుగా చేశాడు. ఇప్పటికీ చివరి పెట్టెలోనుంచి ఇంజను డ్రైవరుతో మాట్లాడుతున్నట్టే మాట్లాడతాడు. కట్టుడు పళ్ళు జేబులో ఉంటాయి. పోట్లాటకు దిగేముందు మాత్రం తీసి పెట్టుకుంటాడు. మూడోది ఖాదర్ మామకు. ఆసుపత్రిలో కాంపౌండరుగా చేశాడు. ఎవరికి ఏ నొప్పి వచ్చినా ఏ సీసాలో ఏ రంగు మందు పోసి ఇచ్చేవాడో చెబుతాడు. ఆ మందు ఇప్పుడు దొరకదని కూడా చెబుతాడు.

ముందు ఎవరు పోయారన్నది. తరువాత వాన ఎక్కడ పడింది, మనకెందుకు పడలేదు. తరువాత మోకాళ్ళు. తరువాత పళ్ళు. తరువాత పాలవాడి నీళ్ళు. అవన్నీ అయ్యాక "చదువు పాపా" అంటారు.

మద్రాసు ఇంగ్లీషు పేపరు మాకు ఒకరోజు ఆలస్యంగా వస్తుంది. నేను నాయన కుర్చీ వెనక గడప మీద కూర్చుని, తెలుగులోకి మార్చి చదువుతాను. పేపరు మొహానికి అడ్డం ఉంటుంది. నాకు గొంతు వచ్చేది అప్పుడే. మిగతా రోజంతా నాగలక్ష్మమ్మత్త నా తరఫున కూడా మాట్లాడుతుంది. నాయనకు అక్క. ఆమెకు అది కష్టం కాదు.

డిసెంబర్ 18

ఒక్క మాట వల్ల ఎంత పని జరిగింది!

రాజధాని హైదరాబాదుకు పోవచ్చునని పేపర్లో ఒక పేరా ఉంది. ప్రభుత్వం కర్నూలుకు వచ్చినప్పుడు నాయన మిద్దె మీద గది కట్టించి సెక్రటేరియట్ గుమాస్తాకు బాడుగకు ఇచ్చాడు. రాజధాని ఈ ఊళ్ళోనే ఉంటుందని ఆయన నమ్మకం. రక్తపోటు కూడా ఉంది. అందుకని ఆ పేరా వదిలేసి చెరకు ధరకు పోయాను.

తిమ్మయ్య మామ అప్పుడే వచ్చాడు. మునిసిపల్ పార్కులో సాయంత్రం రేడియో పెడతారు. అది విని వచ్చాడు. చేతిలో గొడుగు, నోట్లో పళ్ళు. పళ్ళు చూడగానే నాకు భయం వేసింది.

"ఏమప్పా రెడ్డీ, విన్యావా? నీ రాజధాని మూటాముల్లె సర్దుకుంటాండాదంట!"

"ఎవరు చెప్పినారు?"

"రేడియోలో చెప్పినారు."

"పాపా, పేపర్లో ఉండాదా?"

"లేదు నాయనా" అన్నాను.

"సూడు! పేపర్లో లేంది రేడియోలోకి యాడ్నుంచి వస్తాది? నీకు సరిగ్గా ఇనపడక ఏందో ఒకటి మోసుకొచ్చినావు."

"నాకు ఇనపడదా? నీకు కనపడక నాకు ఇనపడదంటావా? ముప్పై ఏండ్లు బండి ఈల విన్న చెవులప్పా ఇవి!"

"అందుకే పోయినాయి."

ఖాదర్ మామ "అరె, ఇద్దరూ ఊకుండండప్పా, ఊరు యాడికీ పోదు, ఆపీసులే పోతాయి" అన్నాడు. ఆ మాటతో ఇంకా రగిలింది. తిమ్మయ్య మామ పళ్ళు తీసి జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. గొడుగు మరచిపోయాడు.

ఉంది అంటే సరిపోయేది. పేపరు నా చేతుల్లోనే ఉంది.

డిసెంబర్ 27

తిమ్మయ్య మామ రావడం లేదు. గొడుగు మూలన వేలాడుతోంది.

"వాని గొడుగు వానికి పంపియ్యి" అన్నాడు నాయన.

"వాన చుక్క లేక చస్తాంటే వానికి గొడుగు ఏంటికి? ఉండనీ" అంది అత్త.

నాయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. రెండు కుర్చీలకే పేపరు చదివాను. ఎవరూ పోట్లాడకపోతే వార్తలు ఎంత చప్పగా ఉంటాయో.

1956 జనవరి 9

ఖాదర్ మామ తిమ్మయ్య మామను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. మూడు కుర్చీలూ నిండాయి. ఎవరు పోయారని కూడా ఎవరూ అడగలేదు. తిమ్మయ్య మామ గొడుగు వైపు చూడకుండా చూశాడు. నాయన చూపు లేకపోయినా ఆ మూలకు వీపు తిప్పి కూర్చున్నాడు.

చదివాను. చదివిందంతా గోడకు చదివినట్టుంది. పేజీ తిప్పాను. సంపాదకుడికి ఉత్తరాల దగ్గర ఎవరో రోడ్ల గురించి రాశారు. నాకు ఏమైందో తెలియదు, నోట్లోనుంచి ఇది వచ్చింది:

"అయ్యా, నేను తంజావూరులో రిటైరైన పోస్ట్‌మాస్టరును. నా చిన్ననాటి స్నేహితుడు నాతో పోట్లాడి, పోతూ పోతూ గొడుగు మా ఇంట్లో మరచిపోయాడు. పంపిస్తే పోట్లాట ఖాయం చేసినట్టవుతుంది. పంపకపోతే దొంగనవుతాను. వాన వస్తేనన్నా వాడే వస్తాడనుకుంటే వాన రావడం లేదు. ఇందులో ప్రభుత్వం ఏమైనా చేయగలదా?"

పేపరు దించడానికి ధైర్యం లేక అట్లాగే పట్టుకుని ఉన్నాను.

ముందు తిమ్మయ్య మామ నవ్వాడు. పళ్ళు లేని నవ్వు. తరువాత నాయన.

"ప్రభుత్వం ఏం జేస్తాదప్పా! వాడెవడో గానీ మనోడే!"

"తంజావూరోళ్ళు గూడా మన మాదిరే ఉండారే!"

పోయేటప్పుడు తిమ్మయ్య మామ గొడుగు తీసుకోలేదు. "ఉండనీలే, రేపు రావల్ల గదా" అన్నాడు.

ఒక్క అబద్ధంతో పాడుచేసి, ఇంకో అబద్ధంతో బాగుచేశాను. కాన్వెంటులో నీతి పాఠానికి నాకు ఎప్పుడూ మొదటి బహుమతి వచ్చేది.

జనవరి 10

ఇక అబద్ధాలు చెప్పను.

జనవరి 12

"ఆ పోస్ట్‌మాస్టరు ఏమన్నా రాసినాడా పాపా?" అని రాగానే అడిగాడు తిమ్మయ్య మామ. రాశాడు. తన కళ్ళజోడు మీద తానే కూర్చుని, వెతకడానికి కళ్ళజోడు లేక పొద్దంతా అట్లాగే కూర్చున్నాడట.

జనవరి 30

పోస్ట్‌మాస్టరు వారానికి రెండుసార్లు రాస్తున్నాడు. క్షురకుడు ఆయన సగం గడ్డం గీసి పక్కింటి పెళ్ళికి పోయాడు. చుట్టుపక్కల ఎవరికి జలుబు చేసినా ఆయననే పలకరిస్తారు, ఎందుకంటే ఆయన తుమ్ము వీధి చివరిదాకా వినిపిస్తుంది. సభ ఇప్పుడు మోకాళ్ళ మాట ఎత్తడం లేదు. ఎత్తినా, "పోస్ట్‌మాస్టరుకు మనకంటే ఎక్కువ" అనుకుని సరిపెట్టుకుంటున్నారు. లోకం సంగతి ఎవరికీ పట్టడం లేదు. పేపరు వెనక నేను నవ్వు ఆపుకోలేక ముక్కు రుద్దుకుంటున్నాను.

నేను లేకపోతే వీళ్ళ సాయంత్రాలు ఏమవుతాయి? మదర్‌కు ఈ మాట చెప్పాలి. చెప్పకపోయినా ఆమెకు తెలుస్తుంది.

తిమ్మయ్య మామను కడపకు బండి ఎట్లా పోవాలని అడిగాను. ఒక స్నేహితురాలి కోసం అన్నాను. "గుంతకల్లులో బండి మారల్ల" అని టైమంతా చెప్పాడు. నాకు స్నేహితురాళ్ళు లేరని ఆయనకు తోచినట్టు లేదు.

ఫిబ్రవరి 14

ఇవాళ్టిది నేను రాసినవాటిలో, అంటే ఆయన రాసినవాటిలో, అన్నిటికంటే బాగా వచ్చింది. పొద్దున అత్త ఉగ్గాని చేసింది. బొరుగులు బాగా నానాయి, కారం చాలలేదు. ఆ రుచి ఇంకా నాలుక మీదే ఉంది. పోస్ట్‌మాస్టరు కోడలు ఉగ్గానిలో పచ్చిమిరపకాయలు తగ్గించిందట. రిటైరైనవాడికి పెన్షన్ సగమిస్తే చాలు, కారం కూడా సగమేనా అని అడిగాడు.

తిమ్మయ్య మామ కుర్చీ మీద చరిచాడు. ఖాదర్ మామకు నవ్వి నవ్వి దగ్గు వచ్చింది.

నాయన మాత్రం "ఉగ్గానా?" అన్నాడు.

"ఉగ్గానే నాయనా."

"ఊఁ" అని వెనక గడప వైపు తల తిప్పాడు. ఆయన మనసుకు బాగా తాకినట్టుంది.

ఫిబ్రవరి 22

ఆపద వచ్చింది. తిమ్మయ్య మామ పోస్ట్‌మాస్టరుకు జవాబు రాయాలన్నాడు. నేను రాయాలి, ఆయన చెబుతాడు. "కట్టుడు పండ్లు పెట్టుకుని ఉగ్గాని తినొద్దప్పా, బొరుగు ఇరుక్కుంటాది. ఇట్లు, రిటైర్డ్ గార్డు తిమ్మయ్య, కర్నూలు." అడ్రసు నేనే చూసి రాస్తానన్నాను. నా ట్రంకు పెట్టెలో చీరల అడుగున పెట్టాను. తంజావూరు అంత దగ్గరలో ఉందని ఇవాళే తెలిసింది.

మార్చి 3

రోజూ "జవాబు వచ్చిందా?" అని అడుగుతుంటే జాలి వేసి, పోస్ట్‌మాస్టరు చేత ఇట్లా రాయించాను: "కర్నూలు నుంచి ఒక రిటైర్డ్ గార్డుగారు నా పళ్ళ గురించి మంచి సలహా ఇచ్చారు. ఆయనకు నా నమస్కారాలు."

తిమ్మయ్య మామ లేచి నిలబడ్డాడు. "నా పేరు! మద్రాసు పేపర్లో!"

"పేరు ల్యా, గార్డు అనుండాది" అన్నాడు ఖాదర్ మామ.

"కర్నూలులో నేను గాక గార్డు ఎవడుండాడప్పా? పాపా, ఆ ముక్క కత్తిరించియ్యి. గుంతకల్లులో మావోళ్ళకు చూపించల్ల."

రేపు ఇస్తానన్నాను. రాత్రి అత్త ఆ పేపరును అప్పడాల కింద పరిచింది. నేనే తెచ్చిచ్చాను. ఆమె అడగలేదు.

మార్చి 4

"పేపరు అప్పడాలకు పోయింది మామా" అన్నాను.

"పోనీలే పాపా, స్టేషన్లో ఇంకోటి కొంటా" అని గొడుగు తీసుకుని అప్పుడే బయలుదేరాడు. ఇన్నాళ్ళకు ఆ గొడుగు మా మూల వదిలింది.

నేను లోపలికి పోయి బియ్యం ఏరాను. రెండుసార్లు ఏరాను.

మార్చి 5

తిమ్మయ్య మామ వచ్చాడు. పేపరు దొరకలేదన్నాడు. గొడుగు మళ్ళీ మూలన తగిలించాడు. నా వైపు చాలాసేపు చూశాడు. పోట్లాడలేదు, పళ్ళు పెట్టుకోలేదు. "చదువు పాపా" అన్నాడు, అంతే. ఆయనకు కడుపులో బాగా లేనట్టుంది.

ఎంత అదృష్టమో నాది! పేపరు దొరకలేదు.

మార్చి 11

నాయన కాఫీ తాగుతూ చెప్పాడు: "కన్ను కోయించుకుంటా. డాక్టరుతో మాట్లాడినా."

అత్త చేతిలో గ్లాసు కింద పెట్టి "ఇన్నేండ్ల తరువాత ఇప్పుడేం వచ్చె?" అంది.

"ఆ పోస్ట్‌మాస్టరు ఉత్తరాలు నేనే చదువుకోవల్లనిపించింది."

అత్త దేవుడికి మొక్కుకుంది. నేను కూడా మొక్కుకున్నాను. దేనికి మొక్కుకున్నానో రాయను.

మార్చి 12

సంతోషించాలి. సంతోషంగానే ఉంది. నిజంగా సంతోషంగానే ఉంది.

నాయనకు చూపు వస్తే ఆయన చదివే మొదటి పేజీ ఆ ఉత్తరాల పేజీ. అక్కడ తంజావూరు ఉండదు. నేను మాత్రం ఎదురుగా ఉంటాను, నా మొహానికి అడ్డం పేపరు లేకుండా. పేపరు ఆయన చేతిలో ఉంటుంది గదా.

ఇంకొకటి కూడా ఉంది. మదర్‌కు చెప్పిన కారణం ఉండదు. కానీ అది పెద్ద విషయం కాదు. కడపకు పోవాలని నాకు ఎప్పుడూ లేదు.

గుంతకల్లులో బండి మారాలి. ఎక్కువసేపు ఆగనక్కరలేదట.

మార్చి 25

మదర్ మళ్ళీ అడిగింది. నాయనకు ఆపరేషన్ అని చెప్పాను. "అయితే మంచిదే గదా, జూన్‌కు నువ్వు రావచ్చు" అంది. ఆపరేషన్ అయ్యాక చాలా రోజులు చూసుకోవాలని చెప్పాను. ఎన్నాళ్ళు అని అడిగింది. చాలా అన్నాను.

ఏప్రిల్ 9

పెద్దాసుపత్రి. నాయన కళ్ళకు కట్లు కట్టారు. తల కదలకుండా రెండు వైపులా ఇసుక మూటలు పెట్టారు. నవ్వకూడదు, తుమ్మకూడదు, దగ్గకూడదు. ఖాదర్ మామ తనకు తెలిసిన నర్సులందరికీ చెప్పి వెళ్ళాడు. ఆయనకు తెలిసిన నర్సులందరూ రిటైరయ్యారు.

ఏప్రిల్ 11

వార్డులో ఎనిమిది మంచాలు. అందరి కళ్ళకూ కట్లే. నాయన "నవ్వొచ్చేవి వద్దులే, ఊరికే ఏదన్నా చదువు" అన్నాడు. పోస్ట్‌మాస్టరు గురించి చదివాను. ఆయన ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నాడు. కళ్ళకు కట్టు. పక్క మంచం వాడి గురకను బట్టి టైము చెబుతున్నాడు.

పక్క మంచం మీద మద్దికెర పెద్దాయన నరసన్న "గట్టిగా చదువు తల్లీ, ఈడికి ఇనపడల్యా" అన్నాడు. గట్టిగా చదివాను. ఇంకా అవతలి మంచం ఆయన "ఇంగ గట్టిగా" అన్నాడు. లేచి నిలబడి చదివాను. చదువుతూ చదువుతూ పేపరు ఎప్పుడు దించేశానో తెలియదు. ఎనిమిదిమంది నా వైపు మొహాలు తిప్పి వింటున్నారు. ఒక్కరూ నన్ను చూడటం లేదు. నా గొంతు ఇంత ఉంటుందని నాకు తెలియదు. అటు గోడకు తగిలి తిరిగి వచ్చింది.

లోకమంతా కళ్ళకు కట్టు కట్టుకుంటే నేను మంచి టీచరునవుతాను.

ఏప్రిల్ 15, ఆదివారం

మజ్జిగ తేవడానికి బయటికి పోయి వచ్చేసరికి వార్డు గుమ్మం దగ్గర మదర్! ఆదివారాలు రోగులను చూడటానికి వస్తుందట. నాయన మంచం దగ్గరనుంచే వస్తోంది. నా బుగ్గ మీద తట్టి వెళ్ళింది.

"ఎవరొచ్చినారు నాయనా?"

"ఎవరో దొరసాని. తెలుగు బాగా మాట్లాడతాండాది" అన్నాడు. మజ్జిగ తాగాడు.

నా గురించి మాట్లాడి ఉండదు. వార్డంతా తిరిగింది గదా. ఎనిమిదిమంది ఉన్నారు.

మే 10

ఇంటికి వచ్చి చాలా రోజులైంది. కళ్ళజోడు ఇంకా రాలేదు. కట్టు తీశారు, అద్దాలు లేకుండా అన్నీ మబ్బుగానే ఉన్నాయట. మిద్దె మీది గుమాస్తా హైదరాబాదులో ఇల్లు వెతుక్కుంటున్నాడని తెలిసింది. "పోనీలే, ఆ గదిలో అత్త అప్పడాలు ఎండేసుకుంటాది" అన్నాడు నాయన. రక్తపోటు లేదు, ఏమీ లేదు. ఇదే మాట డిసెంబరులో అని ఉంటే!

పోస్ట్‌మాస్టరును చంపేద్దామా అని ఆలోచించాను. పెద్ద వయసే. కానీ తిమ్మయ్య మామ తట్టుకోలేడు. తంజావూరు నుంచి కూతురి దగ్గరికి పంపేశాను. "ఇదే నా చివరి ఉత్తరం" అని చదివాను. ముగ్గురూ ఒకరి వైపు ఒకరు తిరిగారు. బాధపడినట్టున్నారు.

మే 27

మొత్తం రాయాలి.

కళ్ళజోడు వచ్చింది. సీసా అడుగంత మందం అద్దాలు. వాటి వెనక నాయన కళ్ళు ఎంత పెద్దవిగా కనిపిస్తాయంటే, ఆయన దేనివైపు చూసినా అది తప్పించుకోలేదు. పొద్దున అత్తను చూసి "ఎప్పుడు ముసలిదానివైనావు?" అన్నాడు. అత్త మధ్యాహ్నం దాకా మాట్లాడలేదు. ఈ ఇంట్లో అది వార్తే.

సాయంత్రం నేను పేపరు తీసుకుని గడప మీద కూర్చోబోయాను.

"ఈ పొద్దు నేను చదువుతా. నువ్వు ఈడికి రా" అని ఎదురుగా పీట చూపించాడు.

మూడు కుర్చీల ముందు పీట. చేతుల్లో ఏమీ లేదు. కింద కడప బండల మీద అతుకులు చూస్తూ కూర్చున్నాను. నాయన పేజీలు తిప్పాడు. తిన్నగా ఉత్తరాల పేజీకే పోయాడు.

"ఇదో. మనోడు మళ్ళీ రాసినాడు."

తల ఎత్తలేకపోయాను. లేనివాడు ఎట్లా రాస్తాడు?

నాయన గొంతు సవరించుకుని చదివాడు:

"అయ్యా, నేను తంజావూరు పోస్ట్‌మాస్టరును. చివరి ఉత్తరమని రాసినా గానీ ఒకటి మిగిలిపోయింది. మా ఇంట్లో ఒక పాప ఉండాది. మొగానికి పేపరు అడ్డం పెట్టుకుంటే అంతా మాట్లాడతాది. పేపరు తీస్తే మూగది. కడపలో ఆమెకు పని సిద్ధంగా ఉండాదని కాన్వెంటు దొరసానికి తెలుసు, ఆసుపత్రిలో ఎనిమిది మంచాలకు తెలుసు, ఇంటాయనకు మాత్రం తెలీదు. మా నాయనకు కండ్లు లేవని చెప్పి ఆ పాప ఆ కండ్ల ఎనక దాక్కొనుండాది. ఇప్పుడు కండ్లు వచ్చినాయి. ఇంగ యాడ దాక్కుంటాదో సంపాదకులవారు తెలపగలరా?"

ఎవరూ నవ్వలేదు.

తిమ్మయ్య మామ జేబులోనుంచి పళ్ళు తీసి పెట్టుకున్నాడు. ఇక పోట్లాటే అనుకున్నాను.

"రెడ్డీ, నువ్వు చదివేటప్పుడు కండ్లు పేపరు మీద పెట్టల్లప్పా. పాప ఎంత బాగా చదువుతాది! నువ్వు ఆమెనే చూస్తాంటివి" అన్నాడు. తరువాత నా వైపు తిరిగి, "ఆ పొద్దు స్టేషన్లో పేపరు దొరికింది పాపా. స్టేషన్ మాస్టరుతో మొదటి అక్షరం కాడ్నుంచి చదివించినా. కర్నూలు గార్డు యాడా లేడు."

"మరి... చెప్పలేదే మామా?"

"చెప్పితే మరుసటి రోజు ఎవరు చదువుతారు?"

ఖాదర్ మామ తల ఊపుతూ "అయినా తంజావూరులో ఉగ్గాని ఎవరు చేస్తారు బేటీ?" అన్నాడు. "ఆడ ఇడ్లీ తింటారు."

ఆ ఉగ్గాని! ఆ "ఊఁ"!

నాయనకూ ఖాదర్ మామకూ ఫిబ్రవరి నుంచి తెలుసు, తిమ్మయ్య మామకు మార్చి నుంచి. నేను వీళ్ళను మభ్యపెడుతున్నానని గడప మీద కూర్చుని నవ్వుకుంటుంటే, వీళ్ళు కుర్చీల్లో కూర్చుని నన్ను నవ్వనిచ్చారు.

అప్పుడు నేను అడిగాను. పేపరు లేకుండా, పీట మీద కూర్చుని, ఆ పెద్ద పెద్ద కళ్ళ ముందే అడిగాను.

"ఉగ్గాని అన్నప్పుడే తెలిసిపోతే, ఆ ఉత్తరాలు చదువుకోవడానికి కన్ను కోయించుకుంటానని ఎందుకన్నావు నాయనా?"

నాయన పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఉత్తరాలకు గాదు. ఆ పోస్ట్‌మాస్టరు మొగం ఎట్లుంటాదో చూడల్లనిపించింది."

నేను తల ఎత్తాను. ఎత్తక తప్పలేదు.

చాలాసేపు చూశాడు.

"శానా పిరికి మొగం" అన్నాడు. "ఫర్వాలేదులే. కడపలో ఉండేది అంతా చిన్న పిల్లకాయలే గదా."

మే 28

మదర్ దగ్గరికి వెళ్ళాను. వస్తానని చెప్పాను. ఒక్క మాటే కాబట్టి చెప్పగలిగాను.

జూన్ 8

స్టేషనుకు నలుగురూ వచ్చారు. అత్త దారి కోసం కట్టిన అన్నం పెళ్ళివారికి సరిపోతుంది. నాయన అద్దాలు మాటిమాటికీ తుడుచుకున్నాడు. ఇవాళ దుమ్ము లేదు. ఖాదర్ మామ ఒక సీసాలో ఎర్రమందు ఇచ్చాడు, దేనికో చెప్పలేదు. వారానికి రెండు ఉత్తరాలు రాయాలని, అవి తంజావూరు నుంచి వచ్చినట్టే ఉండాలని తిమ్మయ్య మామ షరతు పెట్టాడు. నా పెట్టె అడుగున ఆయన జవాబు ఇంకా ఉంది. అది కూడా తీసుకుపోతున్నాను.

గార్డు ఈల వేశాడు. తిమ్మయ్య మామ గొడుగు పైకెత్తి అటూ ఇటూ ఊపాడు. అసలు గార్డు చూసి, నవ్వి, అప్పుడు తన జెండా ఊపాడు.

గుంతకల్లులో బండి మారాను. సరైన బండే ఎక్కాను. రెండుసార్లు అడిగి ఎక్కాను.

జూన్ 12, కడప

మొదటి క్లాసు. అందరికీ కళ్ళున్నాయి. ఒక్కరికీ కట్టు లేదు. పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకోబోయాను. అది చిన్నపిల్లల వాచకం, నా ముక్కు వరకే వచ్చింది. "గుడ్ మార్నింగ్ టీచర్" అన్నారు. నేను నోరు తెరిచాను. ఏమీ రాలేదు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు.

పుస్తకం బల్ల మీద పెట్టేశాను. ఇంకేమీ తోచక చెప్పాను: "తంజావూరులో ఒక రిటైరైన పోస్ట్‌మాస్టరు ఉన్నాడు. ఒకరోజు ఆయన తన కళ్ళజోడు మీద తానే కూర్చున్నాడు."

నవ్వారు. గడ్డం సంగతి చెప్పాను. తుమ్ము సంగతి చెప్పాను. గోడకు తగిలి నా గొంతే తిరిగి వచ్చింది, ఆసుపత్రిలో వచ్చినట్టే. ఉగ్గానిలో కారం తగ్గిన సంగతి కూడా చెప్పేశాను.

ముందు బెంచీలో నూనె రాసి రెండు జడలు వేసుకున్న పిల్ల చెయ్యి ఎత్తింది. పేరు హంపమ్మ.

"టీచర్, తంజావూరులో ఉగ్గాని ఉండదు గదా?"

"ఉండదమ్మా" అన్నాను. "ఆయన కోడలిది కర్నూలు."

ఈ మాట ఫిబ్రవరిలోనే తోచి ఉంటే, నేనింకా ఆ గడప మీదే కూర్చుని ఉండేదాన్ని.